గలీబు మీద ఎర్రదారం

వార్డులో నర్సుల బల్లకు ఎడమపక్కన ఒక ఉక్కు బండి ఉంది. బండి పై అరలో ఒక ట్రే ఉంది. ట్రేలో పది అడ్రినలిన్ ఆంపూళ్ళు, సిరంజీలు, సూదులు, ఊపిరి అందని మనిషికి మొదటి ఐదు నిమిషాల్లో కావలసిన సరంజామా అంతా ఉంది. ట్రే మూతకు ఒక పచ్చ ప్లాస్టిక్ పట్టీ ఉంది. పట్టీ మీద ఆరంకెల నంబరు ఉంది. షిఫ్టు మారినప్పుడల్లా ఆ నంబరు చూసి రిజిస్టరులో ఎక్కించాలి. నంబరు మారకపోతే అంతా క్షేమం.

రెండేళ్ళ కిందట తనిఖీకి వచ్చినవాళ్ళకు ఆ ట్రేలో గడువు దాటిన ఆంపూలు ఒకటి దొరికింది. ఆ తలవంపులోంచి పుట్టింది ఈ సీలు. డాక్టరు కాగితం మీద రాసి ఇస్తే తప్ప దాన్ని తెంపకూడదు. తెంపినవారు మూడు ప్రతుల్లో సంజాయిషీ రాయాలి, సోమవారం మీటింగులో అందరి ముందూ నిలబడి దాన్ని చదవాలి. ఏడాదికోసారి స్టోరువాళ్ళు వచ్చి, వాడని పది ఆంపూళ్ళు పారేసి, కొత్తవి పది పెట్టి, కొత్త పట్టీ బిగించి పోతారు. వార్డు చేతులతో మాత్రం ఆ పట్టీ ఒక్కసారీ తెగలేదు.

అంటే ఈ రెండేళ్ళలో ఎవరికీ ఊపిరి ఆగలేదనా? ఆగింది. ఆగినప్పుడల్లా ఒక నర్సు ముప్పై నాలుగు మెట్లు దిగి, కింది అంతస్తులోని క్యాజువాలిటీలో చెయ్యి చాచి, సీలు లేని వాళ్ళ మందు తీసుకుని, మళ్ళీ ముప్పై నాలుగు మెట్లు ఎక్కి వచ్చేది. దీనికి వార్డులో 'మెట్ల పని' అని పేరు. కొత్తగా చేరిన నర్సుకు మొదటిరోజు నేర్పేది అదే. ఏ మంచం మీద ఎవరున్నారో తరవాత నేర్చుకోవచ్చు.

ఆ వార్డులో అందరూ 'పిచ్చుక' అని పిలిచే నర్సు ఒకతె ఉండేది. మనిషి సన్నగా, మాట మరీ సన్నగా ఉండేది. అవునంటే తల ఊపేది, కాదంటే తల దించుకునేది. "నీ నోట్లోంచి మాట రావాలంటే ముందు అర్జీ పెట్టుకోవాలేమో" అని వార్డు ఇన్‌చార్జి అయిన పెద్ద సిస్టరు వేళాకోళం చేస్తే, దానికీ తల దించుకుని నవ్వేది. కానీ ఆమె చేతులు మాట్లాడేవి. దొరకని నరం ఆమె వేలికి దొరికేది. నిద్రపోతున్న రోగి జ్వరం ఆమె అరచేతికి తెలిసేది.

ఏడో నంబరు మంచం మీదికి ఒక దర్జీ వచ్చింది. ఒంట్లో కాపలా కాయవలసిన శక్తే తిరగబడి, సొంత కీళ్ళనూ సొంత చర్మాన్నీ శత్రువులనుకుని కొరికే జబ్బు ఆమెది. ఆ శక్తిని అణచడానికి మందులు వాడుతుంది కాబట్టి, బయటినుంచి ఏ చిన్న క్రిమి వచ్చినా అడ్డుకునేవారు లేరు. నాలుగు రోజుల జ్వరంతో చేరింది. వెంట ఆమె తోటికోడలు వచ్చింది. ఇద్దరూ కలిసి ఒక కుట్టు దుకాణం నడుపుతారు. దర్జీ కత్తిరిస్తే తోటికోడలు కుడుతుంది. దర్జీ ఊరుకుంటే తోటికోడలు మాట్లాడుతుంది.

దర్జీ తన దిండుకు తన గలీబే తెచ్చుకుంది. తెల్లటి గుడ్డ మీద మూలగా, ఎర్రదారంతో, అచ్చులాంటి అక్షరాలు కుట్టి ఉన్నాయి: 'నాకు పెన్సిలిన్ జాతి మందులు పడవు. ఇవ్వకండి.'

పిచ్చుక ఆ అక్షరాల మీద వేలు ఆనించి చూసింది.

"కాగితాలు చదవరు తల్లీ" అంది తోటికోడలు. "మూడేళ్ళ కింద ఇంకో ఆసుపత్రిలో ఆ సూది వేస్తే ఇది మొహమంతా బూరెలా ఉబ్బి, చచ్చి బతికింది. అప్పుడు ఒక కాగితం ఇచ్చారు. ఆ కాగితం ప్రతిచోటా ఇస్తాం, ప్రతిచోటా ఫైలు అడుగున పెడతారు. అందుకే ఇది అంది, తల పెట్టుకునేచోటే కుట్టుకుంటాను అక్కా, సూది వేసేవాళ్ళు ఎలాగూ నా మొహం చూస్తారుగా అని."

"చూడరులే" అంది దర్జీ, కళ్ళు మూసుకునే.

ఇంటి గుడ్డలు మంచం మీద ఉండకూడదు. క్రిముల భయం, పైగా ఆమెలాంటి రోగికి. ఆ నియమం న్యాయమైనదే. పిచ్చుక ఆసుపత్రి గలీబు తొడిగి, ఆ తెల్ల గలీబును మడతపెట్టి మంచం పక్క అరలో ఉంచింది. ఎర్ర అక్షరాలు మడత లోపలికి పోయాయి.

మధ్యాహ్నం రెండు గంటలకు డ్యూటీ డాక్టరు వచ్చాడు. చదువు తాజాగా ముగించుకున్న కుర్రవాడు. నడకలో ఎప్పుడూ ఇంకెక్కడికో వెళ్ళే తొందర. జ్వరం చార్టు చూశాడు, మందు రాశాడు. పిచ్చుక ఆ రాత చూసి ఆగిపోయింది. రాసింది ఆ జాతి మందే.

"డాక్టర్ గారూ, ఆవిడకి ఇది పడదట."

"ఎవరు చెప్పారు?"

"ఆవిడే. వాళ్ళ తోటికోడలు కూడా. కాగితం ఫైల్లో ఉంది, గలీబు మీద కూడా..."

"గలీబు మీదా?" అతను నవ్వాడు. "సిస్టర్, సగం మంది ఇదే చెప్తారు. ఎప్పుడో కడుపులో తిప్పినా పడలేదంటారు. జ్వరం చూశారా? ఆలస్యం చేస్తే రక్తంలోకి పాకుతుంది. పెట్టేయండి."

"ఆ కాగితం ఒక్కసారి..."

"పెట్టేయండి సిస్టర్."

ఇక్కడ పిచ్చుక చేసిన పని దాచవలసింది కాదు. ఆమె తల దించుకుంది. తన చేతులతోనే మందు కలిపింది, తన చేతులతోనే సీసా తగిలించింది. తోటికోడలు టీ తాగడానికి వెళ్ళిన సమయం అది. దర్జీ మగతగా ఉంది. సీసాలోంచి చుక్క జారింది, ఇంకో చుక్క జారింది. మంచం పక్కనుంచి కదలడానికి మాత్రం పిచ్చుక కాళ్ళు ఒప్పుకోలేదు.

నాలుగో నిమిషంలో దర్జీ అరచేతులు గోక్కుంది.

"సిస్టరమ్మా... దురద."

గొంతు బొంగురుపోయింది. పిచ్చుక అప్పటికే గొట్టం నొక్కి మందు ఆపేసింది. మెడ మీద ఎర్రటి దద్దుర్లు కళ్ళముందే ఒకదాన్నొకటి కలుపుకుంటున్నాయి. పెదవులు ఉబ్బుతున్నాయి. ఊపిరి లోపలికి పోతూ పిల్లనగ్రోవిలా కూతపెడుతోంది. రక్తపోటు చూస్తే డెబ్బై.

"మేడమ్!" అంది పిచ్చుక. ఆ కేక విని వార్డంతా తలలు తిప్పింది. ఆ గొంతు ఎవరిదో ఒక్క క్షణం ఎవరికీ తెలియలేదు.

పెద్ద సిస్టరు పరుగున వచ్చింది. ఇరవై ఆరేళ్ళ అనుభవం. ఒక్క చూపులో ఆమెకు అంతా అర్థమైంది. మంచం తలవైపు దించి, ఆక్సిజను ముసుగు దర్జీ మొహానికి పెడుతూనే ఫోను తీయమంది. డాక్టరు ఫోను మోగింది, మోగింది, ఆగిపోయింది.

"మెట్ల పని!" అంది పెద్ద సిస్టరు. "నేను చూస్తుంటా, నువ్వు కిందికి పరుగెత్తు!"

పిచ్చుక పరుగెత్తింది. బండి వరకు పరుగెత్తి, ఆగిపోయింది. ఎడమపక్క తలుపు, తలుపు అవతల మెట్లు. కుడిచేతికి అందేంత దూరంలో ట్రే.

"ఏం చేస్తున్నావ్? ఆర్డరు లేదు, సీలు ముట్టుకోకు!"

"పెదాలు నీలంగా మారుతున్నాయి మేడమ్."

"అందుకే పరుగెత్తమంటున్నా!"

"ముప్పై నాలుగు దిగి, ముప్పై నాలుగు ఎక్కాలి మేడమ్. అంతసేపు ఆవిడ ఆగుతుందా? మీరు చెప్పండి. ఆగుతుందంటే వెళ్తాను."

పెద్ద సిస్టరు చూపు దర్జీ పెదాల మీదికి పోయింది.

పిచ్చుక పట్టీ పట్టుకుని లాగింది. 'టప్'మంది, అంతే. చొక్కా గుండీ ఊడితే వచ్చే చప్పుడు. ఈపాటి చప్పుడుకు భయపడి రెండేళ్ళు మెట్లెక్కారు.

ఆంపూలు విరిచింది, మందు లాగింది, తొడ బయటివైపు కండలోకి సూది నిటారుగా దించింది. సమయం చూసింది: రెండూ పద్దెనిమిది. అప్పుడే మెట్లెక్కి వచ్చిన తోటికోడలు టీ గ్లాసుతో సహా పరుగెత్తుకొచ్చి, "ఇదేంటే, ఇదేంటే" అని అరుస్తుంటే, "అక్కా, ఈ కాళ్ళు పైకెత్తి పట్టుకోండి, దించకండి" అంది. ఆవిడ గ్లాసు నేలమీద వదిలేసి కాళ్ళు గుండెలకు హత్తుకుని నిలబడింది. పెద్ద సిస్టరు సెలైను సీసా పూర్తిగా తెరిచింది. ఐదు నిమిషాలకు కూత తగ్గలేదు. రెండో ఆంపూలు, రెండో తొడ. రెండూ ఇరవై ఆరుకు దర్జీ పెదవుల్లోకి ఎరుపు తిరిగి రావడం మొదలైంది.

డాక్టరు మూడు గంటలు కావస్తుండగా వచ్చాడు.

"అడ్రినలిన్ ఎవరు పెట్టమన్నారు?"

పిచ్చుక ఊపిరి పీల్చుకునే లోపే తోటికోడలు అందుకుంది. "దాని ఊపిరే పెట్టమంది బాబూ. చెప్తుండగా మీరు లేరు గానీ, ఉంటే మీకూ వినపడేది."

అతను మొహం ఎర్రబడి ఫైలు తీసుకున్నాడు. ఊపిరి కుదుటపడి నిద్రపోతున్న దర్జీని చూశాడు. చర్మం మీద దద్దుర్లు అణిగిపోతున్నాయి. ఫైల్లో ఒక్క వాక్యం రాశాడు: 'ఆందోళన వల్ల ఆయాసం. ఇప్పుడు నిలకడగా ఉంది.' మందు మార్చి వేరే జాతిది రాశాడు. ఎందుకు మార్చాడో రాయలేదు.

ఇలాంటి దాడి గంటల తరవాత మళ్ళీ తిరిగి రావచ్చునని పిచ్చుకకు తెలుసు. షిఫ్టు ముగిసినా ఇంటికి వెళ్ళక, చీకటిపడేదాకా ఏడో మంచం పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంది.

మర్నాడు ఉదయం సూపరింటెండెంటు గారు కబురు పెట్టారు. బల్ల మీద ఒక టైపు చేసిన కాగితం సిద్ధంగా ఉంది. పక్క కుర్చీలో డ్యూటీ డాక్టరు, గోడకానుకుని పెద్ద సిస్టరు.

"కూర్చో అమ్మా" అన్నారాయన. మంచి మనిషి. గొంతులో ఎప్పుడూ వెన్న రాసినట్టు ఉంటుంది. "నిన్న కంగారుపడ్డావు. నీ వయసులో ఎవరైనా పడతారు. ఇందులో ఏం లేదు. రోగికి ఆయాసం వస్తే రియాక్షను అనుకుని పొరపడ్డాను, ఆర్డరు లేకుండా సీలు తెంపాను, మళ్ళీ జరగదు. అంతే. సంతకం పెట్టేస్తే మీటింగులో చదవాల్సిన పని కూడా లేకుండా నేను చూస్తాను."

పిచ్చుక కాగితం చదివింది. రెండుసార్లు చదివింది.

"రియాక్షను కాదని రాశారు సార్."

"డాక్టరు గారు అదే నిర్ధారించారు కదా."

"మరి ఆవిడ ఫైల్లో?"

"ఫైల్లో ఏముంది?"

"ఈ మందు ఇచ్చారు, ఏమీ కాలేదు అని ఉంది సార్." ఆమె కాగితం బల్ల మీద పెట్టింది. "రేపు ఇంకో ఊళ్ళో, ఇంకో ఆసుపత్రిలో ఈ ఫైలు చూస్తారు. ఓహో, ఇచ్చారు, బాగానే ఉంది అనుకుంటారు. ఇస్తారు. అప్పుడు పక్కన ఎవరుంటారు?"

డాక్టరు కుర్చీలో కదిలాడు. "అంత సీరియస్ రియాక్షనే అయితే ఇవాళ లేచి ఇడ్డెన్లడగదు కదా సిస్టర్. చూశారా పొద్దున, నవ్వుతోంది."

అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో పిచ్చుకకు ఆ క్షణం తెలిసింది. బతికించినందువల్ల జబ్బే లేదన్నమాట. ఆమె చచ్చిపోయి ఉంటే అందరూ ఒప్పుకునేవారు. నిజానికి సాక్ష్యంగా ఒక శవం కావాలి వీళ్ళకు. ఆమె సంతకం పెట్టలేదు.

"సోమవారం దాకా టైముంది" అన్నారు సూపరింటెండెంటు గారు. "ఆలోచించుకో. ఉద్యోగం పర్మినెంటు అయ్యే ముందు రిమార్కు పడితే నీకే కష్టం."

వరండాలో పెద్ద సిస్టరు ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"పెట్టెయ్యవే పిచ్చుకా. ఒక సంతకం. నీళ్ళలో గీసినట్టే."

"ఆవిడ గలీబు మీద దారం మాత్రం అలాగే ఉంటుంది మేడమ్. మన ఫైలేమో దాన్ని అబద్ధం అంటుంది. ఎవరు దేన్ని నమ్ముతారు?"

"నాకు చెప్తావేంటి? నాకు తెలీదా?"

"తెలుసు. అందుకే మీతో చెప్తున్నా."

పెద్ద సిస్టరు చెయ్యి వదిలేసింది.

ఆ మధ్యాహ్నం పిచ్చుక ఏడో మంచం దగ్గరికి వెళ్ళి, ఉన్నదున్నట్టు చెప్పింది. తను మందు తగిలించిన సంగతి మొదట చెప్పింది. తోటికోడలి మొహం ముడుచుకుంది.

"చదివి కూడా తగిలించావా?"

"తగిలించాను."

"నీకు నోరు లేదా తల్లీ?"

"లేకపోయింది అక్కా."

దర్జీ లేచి కూర్చుంది. "ఆ అరలో నా గలీబు ఇవ్వండి. మంచం మీద వేసుకోనులే, ఒళ్ళో పెట్టుకుంటా. అక్కా, సంచిలో సూది ఉందా?"

"సూదులతో ఇంత జరిగినా సూదే అడుగుతోంది చూడు" అని గొణుగుతూ తోటికోడలు దారపు ఉండ తీసింది.

సోమవారం వచ్చింది. మీటింగు హాల్లో అన్ని వార్డుల ఇన్‌చార్జులు, డాక్టర్లు, ముప్పైమంది దాకా ఉన్నారు. సూపరింటెండెంటు గారు టైపు కాగితం ముందుకు జరిపారు. పిచ్చుక దాన్ని వెనక్కి జరిపింది. తన సంచిలోంచి మూడు చేతిరాత ప్రతులు తీసింది.

"సీలు తెంపినవాళ్ళు నిలబడి చదవాలని రూలు కదా సార్. చదువుతాను."

గొంతు ముందువరసకే వినపడింది. వెనకనుంచి ఎవరో "గట్టిగా!" అన్నారు. ఆమె ఆగి, మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి గోడలకు తగిలింది.

"ఏడో మంచం రోగికి ఈ మందు పడదని నాకు తెలుసు. గలీబు మీద చదివాను. డాక్టరు గారితో రెండుసార్లు చెప్పాను. మూడోసారి చెప్పలేదు. సీసా తగిలించింది నేనే. అది నా తప్పు, దానికి ఏ శిక్ష వేసినా ఒప్పుకుంటాను. నాలుగు నిమిషాల్లో దద్దుర్లు, ఊపిరి కూత, రక్తపోటు డెబ్బై. సీలు తెంపింది కూడా నేనే. అది మాత్రం తప్పు కాదు. రెండు ఆంపూళ్ళు వాడాను. ఇది రియాక్షనని ఫైల్లో ఎర్రసిరాతో రాయకపోతే, ఈవిడను ఇంకోచోట ఈ మందే చంపుతుంది. అప్పుడు ఆ మందు ఇచ్చినవాళ్ళ చేతిలో మన ఫైలు ఉంటుంది."

"ఇది సంజాయిషీ కాదమ్మా" అన్నారు సూపరింటెండెంటు గారు. గొంతులో వెన్న కరిగిపోయింది. "ఇది ఆరోపణ. నీ మాట తప్ప ఆధారం ఏదీ?"

పిచ్చుక దర్జీ ఇచ్చిన గలీబు సంచిలోంచి తీసి బల్ల మీద పరిచింది. పాత ఎర్ర అక్షరాల కింద కొత్త వరస ఉంది, దారం ఇంకా మెరుస్తోంది: 'ఇక్కడా ఇచ్చారు. రెండూ పద్నాలుగుకి ఊపిరి ఆగబోయింది. నర్సమ్మ సీలు తెంపింది. బతికాను.'

"ఇదేంటి?"

"ఆవిడ ఫైలు సార్. అందరికీ కనపడేది ఇదొక్కటే."

ఎవరో కిసుక్కున నవ్వబోయి ఆపుకున్నారు. ఒక కుర్చీ కిర్రుమంది. పెద్ద సిస్టరు లేచి నిలబడింది.

"పెదాలు నీలంగా మారడం నేనూ చూశాను. రక్తపోటు నేనూ చూశాను. నేను కిందికి పరుగెత్తమన్నాను." ఆమె హాలంతా కలయజూసింది. "మా వార్డులో రెండేళ్ళుగా మెట్ల పని చేస్తున్నాం సార్. మీ వార్డుల్లోనూ చేస్తున్నారు, నాకు తెలుసు. క్యాజువాలిటీ మేడమ్‌ని అడగండి, నెలకెన్నిసార్లు చేతులు చాస్తామో. కిందటి చలికాలం పన్నెండో మంచం తాతగారికి నేనే దిగి ఎక్కాను. వచ్చేసరికి..."

ఆమె కూర్చుండిపోయింది. క్యాజువాలిటీ ఇన్‌చార్జి తల వంచుకుని, "నిజమే సార్" అంది.

సూపరింటెండెంటు గారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. డ్యూటీ డాక్టరు వైపు చూడకుండా ఫైలు అతని ముందుకు తోశారు. అతను ఎర్రకలం కోసం జేబులు తడుముకున్నాడు. లేదు. పిచ్చుక తన కలం ఇచ్చింది. అతను ఫైలు అట్టమీద, పెన్సిలిన్ జాతి మందు పడదని, పెద్ద అక్షరాలతో రాశాడు. రాసిన తరవాత కలం తిరిగి ఇస్తూ ఆమె మొహం చూడలేకపోయాడు.

పిచ్చుకకు రెండు కాగితాలు వచ్చాయి. మందు తగిలించినందుకు ఒక మెమో. దాన్ని తల ఎత్తుకునే తీసుకుంది. సీలు తెంపినందుకు వచ్చే నెల ఒకటో తేదీనుంచి రికార్డుల గదికి బదిలీ. పాత ఫైళ్ళకు నంబర్లు వేసే పని. డాక్టరుకు ఏ కాగితమూ రాలేదు. సీలు గురించి ఒక కమిటీ వేశారు.

దర్జీ జ్వరం తగ్గి ఇంటికి వెళ్ళిన రోజు సాయంత్రం స్టోరు మనిషి కొత్త పట్టీలతో వార్డుకు వచ్చాడు. ట్రేకు పచ్చ పట్టీ బిగించి, లాగి చూసి, తృప్తిపడి, రిజిస్టరు పిచ్చుక ముందుకు తోశాడు.

"వాడిన రెండింటి బదులు కొత్తవి తెచ్చారా?" అంది పిచ్చుక.

"కొత్త మందుల ఇండెంటు వచ్చే వారం పెడతారు. సీలైతే వేసేశా కదా. నంబరు ఎక్కించండి సిస్టర్."

ఆమె పేజీ తెరిచింది. రెండేళ్ళుగా అంకెలు, అంకెల కింద అంకెలు, ఒక్క మాటైనా లేని పేజీలు. నంబరు రాయవలసిన గడిలో, గడి దాటి పోతున్నా ఆగకుండా, ఎర్రకలంతో రాసింది:

'లోపల ఆంపూళ్ళు ఎనిమిది. రెండు వాడాం. మనిషి బతికింది.'

పెద్ద సిస్టరు వెనకనుంచి వంగి చదివింది. కలం అడిగి తీసుకుని, ఆ వాక్యం కింద తన సంతకం చేసింది.